గోబర్ గ్యాస్ తొట్టిలో పడ్డ లోహం ఎక్కడికీ పోదు

సంపాదకులకు నమస్కారం.

గోబర్ గ్యాస్ తొట్టిలోని సూక్ష్మజీవులు రాగి, సీసం, కాడ్మియం లాంటి భారలోహాలను పీల్చేసుకుంటాయట. అందుకని ఏ చెత్త వేసినా, ఏ నీళ్లు పోసినా ఫరవాలేదట, బయటికొచ్చే స్లర్రీ (గ్యాసు పోగా మిగిలిన పలచటి పేడ) శుభ్రంగానే ఉంటుందట. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఉమ్మడి గ్యాస్ ప్లాంట్ల ప్రస్తావన వచ్చినచోట ఈ మాట కూడా వినిపిస్తోంది. పీల్చుకుంటాయన్నది నిజమే. శుభ్రమవుతుందన్నది మాత్రం అబద్ధం. ఈ రెంటికీ ఉన్న తేడా తెలియక చివరికి నష్టపోయేది ఆ స్లర్రీని మడికి తోలుకునే రైతు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాం.

ముందు లెక్క చూడండి. 2 ఘనమీటర్ల ఇంటి ప్లాంటుకు రోజుకు 50 కిలోల పేడ, అంతే నీళ్లు కావాలి. పచ్చి పేడలో అయిదో వంతు పొడి సరుకు, అంటే 10 కిలోలు. అందులో సుమారు 3 కిలోలు గ్యాసై పొయ్యిలో మండిపోతే 7 కిలోలు స్లర్రీలో మిగులుతాయి. పొడి పేడ కిలోకు 60 మిల్లీగ్రాముల రాగి ఉందనుకుందాం. వేసిన 600 మిల్లీగ్రాములూ ఇప్పుడు ఆ 7 కిలోల్లోనే ఉన్నాయి. అంటే కిలోకు 86 మిల్లీగ్రాములు. రాగి పెరగలేదు, దాని చుట్టూ ఉన్న సరుకు తగ్గింది. అదే హోటళ్ల ఎంగిలి, కూరగాయల మార్కెట్ చెత్త అయితే పొడి సరుకులో 70 శాతం దాకా గ్యాసైపోవచ్చు. అప్పుడు అదే లోహం మూడింతలకు పైగా చిక్కబడుతుంది. గ్యాసు బాగా ఇస్తున్న ప్లాంటు స్లర్రీనే ఎక్కువ జాగ్రత్తగా చూడాలి.

ఇక పీల్చుకోవడం సంగతి. పొయ్యిలో మండే మీథేన్ వాయువును పుట్టించేవాటిని మనం బ్యాక్టీరియా అనేస్తాం గానీ అవి ఆర్కియా అనే వేరే కోవకు చెందినవి. 1977లో కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ అనే శాస్త్రవేత్తలు ఈ సంగతి బయటపెట్టారు. వీటికి లోహం విషమూ అవుతుంది, తిండీ అవుతుంది. మీథేన్ తయారీలో ఆఖరి పని చేసే ఎంజైములో ఎఫ్430 అనే పసుపురంగు పదార్థం ఉంటుంది. దాని నడిబొడ్డున ఉన్నది నికెల్. నికెల్, కోబాల్ట్, మాలిబ్డినం లేనిదే ఇవి పెరగవని 1979లో జర్మనీ శాస్త్రవేత్తలు తేల్చారు. కోబాల్ట్ బీ12 విటమిన్ కోవకు చెందిన అణువుల్లోకి పోతుంది. ఇనుము ఒక్కటే కాస్త ఎక్కువ కావాలి, మిగతావి లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపే సరిపోతాయి. పశువుల పేడలో ఇవన్నీ సహజంగానే దొరుకుతాయి. వట్టి వంటింటి చెత్తతో నడిచే ప్లాంటు కొన్ని నెలలు బాగా పనిచేసి, తర్వాత గ్యాసు తగ్గి పుల్లటి వాసన కొడుతుంటే, నికెల్, కోబాల్ట్, సెలీనియం చాలకపోవడం అందుకు ఒక ముఖ్య కారణం. దానికి రసాయనాల డబ్బా కొనక్కర్లేదు. వారానికి రెండు మూడు తట్టల పేడ కలిపితే కుదుటపడుతుంది.

ఒంటికి కావలసింది అంతే. మిగిలిన లోహం రకరకాలుగా చిక్కుకుంటుంది. కణం పైపొర మీద, దాని చుట్టూ ఉండే జిగురులో రుణావేశం ఉన్న చోట్లు ఉంటాయి. ధనావేశం ఉన్న లోహం నిమిషాల్లో వాటికి అతుక్కుంటుంది. దీనికి కణం బతికి ఉండాల్సిన పని కూడా లేదు, చచ్చిన కణమూ పట్టుకుంటుంది. కొంత లోహం కణం లోపలికి పోతుంది. అక్కడ గంధకం ఉన్న చిన్న అణువులు దాన్ని కట్టేస్తాయి. మీథనోసార్సినా అసిటివోరన్స్ అనే జీవి మీద జరిగిన పరిశోధనల్లో, కాడ్మియం తగలగానే అది గంధకపు అణువులను ఎక్కువగా తయారుచేసుకుని, జిగురుపొర కట్టుకుని తట్టుకున్నట్టు తేలింది. కొద్ది మోతాదులో కాడ్మియం ఉన్నప్పుడు మీథేన్ పెరిగింది కూడా. ‘లోహాన్ని తినేస్తాయి’ అన్న ప్రచారానికి ఇలాంటి ఫలితాలే ఊతం. కానీ అది ప్రయోగశాల సీసాలో ఒకే జాతితో, కొలిచి వేసిన మోతాదుతో జరిగిన పని. మన తొట్టిలో ఈ జీవుల బరువు చాలా తక్కువ. తిన్నదానిలో నూటికి తొంభై పాళ్లకు పైగా గ్యాసుగా వదిలేసి, ఒళ్లు చేసుకునేది కొద్దిగానే. ఆ కొద్ది ఒంట్లో ఎంత లోహం దాస్తాయి?

అసలు పెద్ద వాటాను పట్టేది సల్ఫైడు. కుళ్లిన గుడ్డు వాసన కొట్టే ఆ వాయువే. పేడలోని గంధకం నుంచి వేరే బ్యాక్టీరియా దాన్ని తయారుచేస్తాయి. రాగి, జింకు, కాడ్మియం, సీసం, నికెల్ దాంతో కలిసి నీళ్లలో కరగని మడ్డిగా అడుగుకు దిగుతాయి. కరిగి ఉన్న లోహమే సూక్ష్మజీవులకు విషం, మడ్డిగా మారింది దాదాపు కాదు. అందుకే ల్యాబు కాగితం మీద మొత్తం రాగి ఇంత అని కనిపించినా ఒక ప్లాంటు నిక్షేపంగా నడుస్తుంది, అంతే రాగి ఉన్న మరో ప్లాంటు చతికిలబడుతుంది. రెండో దాంట్లో సల్ఫైడు చాలలేదన్నమాట. క్రోమియం తీరు వేరు. అది సల్ఫైడుతో కలవదు. విషం ఎక్కువున్న క్రోమియం-6 రూపం నుంచి క్రోమియం-3 రూపానికి మారి హైడ్రాక్సైడుగా దిగుతుంది.

ఒక్క ఉదాహరణ పూర్తిగా చూద్దాం. పెద్ద డెయిరీ షెడ్లలో పశువుల గిట్టలు చెడకుండా వాకిట్లో మైలుతుత్తం నీళ్ల తొట్టి పెడతారు. 100 లీటర్లకు 5 శాతం చొప్పున 5 కిలోల మైలుతుత్తం. అందులో నాలుగో వంతు రాగి, అంటే సుమారు 1,270 గ్రాములు. నీళ్లు మురికి పట్టాక కాలవలోకి వంపేస్తారు. ఆ కాలవ పేడ కలిపే కుండీకి కలిసి ఉంటే రాగి నేరుగా గ్యాస్ తొట్టిలోకి దిగుతుంది. రోజుకు 100 లీటర్ల చొప్పున 40 రోజుల సరుకు పట్టే తొట్టిలో ఉండేది 4,000 లీటర్లు. లీటరుకు 318 మిల్లీగ్రాముల రాగి పడ్డట్టు. ఇంత రాగిని సల్ఫైడుగా దించాలంటే 640 గ్రాముల గంధకం కావాలి. 50 కిలోల పేడలో ఉండే 10 కిలోల పొడి సరుకులో వెయ్యికి నాలుగు పాళ్లు గంధకం అనుకున్నా రోజుకు వచ్చేది 40 గ్రాములు. పదహారు రోజుల పేడలోని గంధకం చివరి గ్రాము దాకా సల్ఫైడైతే గానీ ఈ ఒక్క తొట్టి నీళ్లకు సరిపోదు. అది ఒక్క పూటలో జరగదు కదా. ఈలోపు గ్యాసు ఆగిపోతుంది. ఒకవేళ ఎలాగోలా తట్టుకుని నిలబడినా, తొట్టిలోని 280 కిలోల పొడి సరుకులో కిలోకు 4,500 మిల్లీగ్రాముల రాగి చేరినట్టే. పట్టణ చెత్త కంపోస్టుకు ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పెట్టిన హద్దు 300. పదిహేను రెట్లు.

ఉద్దానంలో కొబ్బరి మొవ్వుకుళ్లుకు కొట్టే బోర్డో మిశ్రమం కూడా మైలుతుత్తమే. 100 లీటర్ల మిశ్రమానికి ఒక కిలో వేస్తారు. డ్రమ్ములో మిగిలిన 10 లీటర్లు పేడ కుండీ దగ్గర కడిగేస్తే 25 గ్రాముల రాగి. ప్లాంటుకు ఏమీ కాదు, లీటరుకు 6 మిల్లీగ్రాములే. కానీ స్లర్రీలో పొడి సరుకు కిలోకు 90 మిల్లీగ్రాములు అదనంగా చేరుతుంది. మంట బాగుంది కదా అని ఊరుకుంటే దొరకని తప్పు ఇది. బుడితి లాంటి ఇత్తడి, కంచు పని జరిగే ఊళ్లలో ఉమ్మడి ప్లాంటు పెట్టుకుంటే, పాత్రలను పులుపుతోనో ఆమ్లంతోనో తోమిన నీళ్లను, ఆకురాయి పొడిని వేరుగా పట్టాలి. ఆ నీళ్లలో రాగీ ఉంటుంది, జింకూ ఉంటుంది. కోళ్ల ఫారాల పెంటలో దాణా నుంచి వచ్చిన రాగి, జింకు ఉంటాయి. దాన్ని పేడలో కొద్దిగా కలపొచ్చు గానీ అదొక్కటే వేయకూడదు. చీపురుపల్లి, గరివిడి వైపు మాంగనీసు గనుల గోతుల్లో నీళ్లతో పేడ కలిపితే విషం కన్నా పోటీ సమస్య వస్తుంది. మాంగనీసు డయాక్సైడు రేణువులు దొరికితే వేరే సూక్ష్మజీవులు వాటితో శ్వాసించి, మీథేన్ జీవుల తిండిని ముందే కాజేస్తాయి. అక్కడి కోడూరు పేరు మీద ‘కోడురైట్’ అనే రాయికి పేరు పెట్టారంటే ఆ నేలలో మాంగనీసు ఎంతో ఊహించుకోవచ్చు. బోరు నీళ్లు వాడితే సరి.

పరిశ్రమల శుద్ధి ప్లాంట్లలో తేలిన బురదను గ్యాస్ తొట్టిలో వేయడం అన్న ఆలోచనే వద్దు. రసాయన బురద 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తుంది, దానికి వేరే దారి ఉంది. పగిలిన ట్యూబులైట్లు, థర్మామీటర్లు, బటన్ సెల్స్ పొరపాటున కూడా పడకూడదు. పాదరసం మిగతా లోహాల్లా కుదురుగా ఉండదు. మీథేన్ జీవుల్లో కొన్ని జాతులు దాన్ని మిథైల్ పాదరసంగా మార్చగలవు. ఆ పని చేయించే రెండు జన్యువులను 2013లో గుర్తించారు. అసలు పాదరసం కన్నా ప్రమాదకరమైన రూపం అది, చేపల్లో పేరుకుంటుంది. స్లర్రీ చెరువులోకి పోయే ఊళ్లలో ఈ సంగతి గట్టిగా చెప్పాలి.

లోహం దెబ్బ తగిలిందో లేదో ఎలా పసిగట్టాలి? మీథేన్ జీవులు చతికిలబడితే వాటి ముందు మెట్టులో ఆమ్లాలు చేసే బ్యాక్టీరియా మాత్రం పని ఆపవు. ఆమ్లం పేరుకుంటుంది, పీహెచ్ 6.8 కిందికి జారుతుంది, గ్యాసులో బొగ్గుపులుసు వాయువు పెరిగి నీలిమంట పాలిపోయి బర్నరు మీద నిలవకుండా ఎగిరిపోతుంది. తొట్టిలో నురగ, పులిసిన వాసన. చిక్కేమిటంటే, తిండి ఎక్కువ వేసినా, ఫినాయిలు నీళ్లు పడ్డా, పశువుకు ఇచ్చిన యాంటీబయాటిక్ పేడలో వచ్చినా ఇవే లక్షణాలు. కాబట్టి చూడగానే లోహం అనుకోకూడదు. ఒక చిన్న పరీక్ష చేయాలి.

బాగా నడుస్తున్న ప్లాంటు నుంచి స్లర్రీ తెచ్చి పలచటి గుడ్డలో వడకట్టండి. ఒక్కో లీటరు పట్టే రెండు సీసాల్లో 600 మిల్లీలీటర్ల చొప్పున పోసి, ఒక్కోదాంట్లో 5 గ్రాముల మెత్తటి అన్నం వేయండి. ఒకదాంట్లో 60 మిల్లీలీటర్ల బోరు నీళ్లు, రెండోదాంట్లో అనుమానం ఉన్న నీళ్లు అంతే. చెత్త అయితే నీళ్లలో నానబెట్టి వడకట్టిన తేట పోయాలి. మూతలకు రంధ్రం చేసి సన్నటి ట్యూబు దూర్చి, చుట్టూ ఎంసీల్ పెట్టి, ట్యూబు రెండో కొసను ఉప్పునీళ్లతో నిండి బోర్లించిన 2 లీటర్ల సీసాలోకి పంపండి. మామూలు నీళ్లు వాడితే బొగ్గుపులుసు వాయువు కరిగిపోయి కొలత తప్పుతుంది, అందుకే ఉప్పు. రెండు సీసాలనూ పక్కపక్కనే వెచ్చటి చోట పెట్టి రోజూ ఒకే వేళకు ఎంత ఉప్పునీరు దిగిందో గీత గీయండి. పది రోజులు చూడాలి. మొదటి రెండు మూడు రోజులు తగ్గి తర్వాత కోలుకుంటే మోతాదు తక్కువ అని. అనుమానం సీసా పదో రోజుకు కూడా బోరు నీళ్ల సీసాలో సగం గ్యాసు ఇవ్వకపోతే ఆ నీళ్లు ప్లాంటులోకి వెళ్లడానికి వీల్లేదు. ట్యూబు లేకుండా మూత బిగించారో సీసా పేలుతుంది. దగ్గర్లో దీపం, బీడీ ఉండకూడదు. ఈ పరీక్ష గ్యాసు గురించే చెబుతుంది. స్లర్రీ మడికి పనికొస్తుందా లేదా అన్నది దీంతో తేలదు.

దెబ్బ తగిలిన ప్లాంటులో ముందు తిండి ఆపాలి. పీహెచ్ కాగితం 6.8 కన్నా తక్కువ చూపిస్తున్నన్నాళ్లూ ఏమీ వేయకూడదు. మూడో వంతు స్లర్రీ తీసేసి, నడుస్తున్న ప్లాంటు స్లర్రీ, తాజా పేడ కలిపి పోయాలి. తర్వాత పావు వంతు తిండితో మొదలుపెట్టి నెల రోజుల్లో మామూలుకు రావాలి. చాలామంది సున్నం గుమ్మరిస్తారు. సున్నం పీహెచ్ ను పెంచుతుంది, కొంత లోహాన్ని తాత్కాలికంగా దించుతుంది కూడా. కానీ అది బొగ్గుపులుసు వాయువును పీల్చేస్తుంది. ఒక్కసారిగా ఎక్కువ వేస్తే లోపల పీడనం పడిపోయి సిమెంటు డోమ్ పగుళ్లివ్వచ్చు. వేయక తప్పకపోతే తేర్చిన సున్నపు తేట, రోజుకు కొంచెం, పీహెచ్ చూసుకుంటూ పోయాలి. వాసన తగ్గుతుందని అన్నభేది (ఇనుప సల్ఫేటు) వేసే అలవాటూ ఉంది. దాంతో తొట్టిలో ఇనుప సల్ఫైడు ఏర్పడుతుంది. తర్వాత రాగి వస్తే అది ఇనుమును తోసేసి సల్ఫైడును తను లాక్కుంటుంది కాబట్టి ఇనుప సల్ఫైడు ఒక నిల్వలాగా పనికొస్తుంది. అయితే అప్పటికే పడ్డ రాగికి అన్నభేది విరుగుడు కాదు. ఏ పనికైనా సరే తొట్టిలోకి మనిషి దిగకూడదు. లోపలి సల్ఫైడు వాయువు రెండు మూడు ఊపిరుల్లో ప్రాణం తీస్తుంది.

తీసేసిన స్లర్రీని ఏం చేయాలన్నది దీనికన్నా పెద్ద ప్రశ్న. నల్లటి స్లర్రీని కళ్ళంలో ఆరబోసి చూడండి. రెండు రోజుల్లో పైపొర గోధుమరంగుకు తిరుగుతుంది, వేలితో గీస్తే కింద ఇంకా నలుపే ఉంటుంది. ఇనుప సల్ఫైడు గాలి తగిలి తుప్పుగా మారడమే ఆ రంగు. రాగి, జింకు, కాడ్మియం సల్ఫైడ్లకు కూడా మెల్లమెల్లగా అదే గతి పడుతుంది, రంగుతో కనపడదంతే. తొట్టిలో కరగకుండా కూర్చున్న లోహం ఎండలో సల్ఫేటుగా మారి, తొలకరి వానకు కరిగి నేలలోకి దిగుతుంది. సూక్ష్మజీవులు పీల్చుకున్నది మాత్రం ఏమైంది? కణం చచ్చి కుళ్లితే అదీ బయటపడుతుంది.

వరిమడి కూడా ఒక గ్యాస్ తొట్టే. నీళ్లు నిలిచినన్నాళ్లూ అందులోనూ ఇవే జీవులు మీథేన్ వదులుతుంటాయి, కాడ్మియం సల్ఫైడుగా బిగుసుకుని ఉంటుంది. గింజ గట్టిపడే వేళకు నీళ్లు తీసేస్తాం. నేల పగిలి గాలి దూరుతుంది, సల్ఫైడు విడిపోతుంది, సరిగ్గా అప్పుడే కాడ్మియం గింజకెక్కుతుంది. ఆర్సెనిక్ దీనికి తలకిందులు, నీళ్లు నిలిచినప్పుడే కదులుతుంది. రెండూ ఉన్న స్లర్రీ వేస్తే నీళ్లు పెట్టినా చిక్కే, తీసినా చిక్కే. మెట్ట మీద చోడి, వేరుశనగ, గోగు వేసే ఎర్రనేలల్లో బంకమన్నూ సేంద్రియమూ తక్కువ, లోహాన్ని పట్టి ఉంచే శక్తీ తక్కువే.

భయపెట్టడానికి రాయడం లేదు. ఎకరం నేలలో పై 15 సెంటీమీటర్ల మట్టి బరువు సుమారు 900 టన్నులు. కిలోకు 300 మిల్లీగ్రాముల రాగి ఉన్న పొడి ఎరువు ఏటా 2 టన్నులు వేస్తే 600 గ్రాముల రాగి చేరుతుంది. మట్టి కిలోకు ఏడాదికి ఒక మిల్లీగ్రాము కూడా పెరగదు. కానీ పంటతో తిరిగి వెళ్లేది కొన్ని గ్రాములే గనక మిగిలింది నేలలోనే ఉండిపోతుంది, పిల్లల కాలానికి అది లెక్కలోకి వస్తుంది. వట్టి పశువుల పేడ వేసే ఇంటి ప్లాంట్ల వాళ్లు వీటిలో దేనికీ కంగారు పడక్కర్లేదు. వాళ్ల స్లర్రీ గెత్తం (పెంటదిబ్బ ఎరువు) కన్నా మేలైన ఎరువే.

అడిగేది ఉమ్మడి ప్లాంట్ల గురించి. 2018లో వచ్చిన కేంద్ర ప్రభుత్వ గోబర్ధన్ పథకం కింద గానీ, పంచాయతీ నిధులతో గానీ కట్టే ప్రతి ప్లాంటు దగ్గర, లోపలికి వచ్చే సరుకు ఏమిటో, ఎక్కడిదో, ఎంతో రాసే పుస్తకం పెట్టాలి. స్లర్రీని ఆరు నెలలకోసారి పరీక్ష చేయించి ఫలితాన్ని తెలుగులో బోర్డు మీద రాయాలి. పొడి సరుకు కిలోకు మిల్లీగ్రాముల్లో హద్దులు ఇవి: ఆర్సెనిక్ 10, కాడ్మియం 5, క్రోమియం 50, రాగి 300, పాదరసం 0.15, నికెల్ 50, సీసం 100, జింకు 1,000. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు 1985లో పట్టణ కంపోస్టుకు ఉన్నవే ఇవి, కొత్తగా ఎవరూ కనిపెట్టక్కర్లేదు. హద్దు దాటిన స్లర్రీని రైతులకు ఇవ్వడం ఆపి, ఏ సరుకు వల్ల దాటిందో పుస్తకంలో వెనక్కి వెతకాలి.

నమూనా తీయడంలోనే చాలా పరీక్షలు చెడిపోతున్నాయి. జింకు పూత బకెట్టులో ముంచి తెస్తే బకెట్టు జింకు స్లర్రీ లెక్కలోకి వస్తుంది, ఇత్తడి చెంబైతే రాగి వస్తుంది. ప్లాస్టిక్ మగ్గు వాడాలి. వరసగా అయిదు రోజులు, అవుట్‌లెట్ దగ్గర బాగా కలియబెట్టాక రోజుకో లీటరు తీసి, అన్నీ ఒక ప్లాస్టిక్ డబ్బాలో కలిపి, నీడలో పాలిథిన్ షీటు మీద ఆరబెట్టాలి. అలా వచ్చే పొడి సుమారు 350 గ్రాములు ఉంటుంది, పరీక్షకు అది చాలు. పైన తేరిన నీళ్లు మాత్రమే పట్టుకెళితే లోహమంతా అడుగు మడ్డిలో ఉండిపోయి కాగితం మీద అన్నీ సున్నాలే కనిపిస్తాయి. ల్యాబుకు ఇచ్చే చీటీలో ‘ఆమ్లంతో జీర్ణం చేసి మొత్తం లోహం, పొడి బరువు మీద’ అని రాసి ఇవ్వండి.

ఇట్లు,
గోబర్ గ్యాస్ ప్లాంట్ల పనిలో ఉన్నవాళ్లం,
విజయనగరం